బడిలో మతం: బాబాసాహెబ్ గీసిన గీత

 

మన ఉపాసకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. సర్కారు బళ్లల్లో చాలాచోట్ల సరస్వతి పూజలు చేయిస్తున్నారు, పండగొస్తే భజనలు పెడుతున్నారు. మరి మన పిల్లల కోసం బుద్ధ వందన కూడా పెట్టమని మనమెందుకు అడగకూడదు? న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు బాబాసాహెబ్ జీవితంలోనే దొరుకుతుంది, చూడండి.

1891 ఏప్రిల్ 14న మహూలో పుట్టిన భీమరావు, సతారాలో బడికి పోయేవాడు. తరగతిలో అతనికి బెంచీ లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద ఓ మూల ఒక్కడే కూర్చోవాలి. బడి ఊడ్చే మనిషి కూడా ఆ గోనెను ముట్టడు గనుక సాయంత్రం దాన్ని మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. దాహమేస్తే కుళాయి తనంతట తాను తిప్పుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్లు లేవు. బొంబాయిలో హైస్కూలుకు వచ్చాక సంస్కృతం చదువుతానంటే అంటరానివాడికి చెప్పం పొమ్మన్నారు. గత్యంతరం లేక పారశీకం తీసుకున్నాడు. ఆ మతం సంగతులు తెలుసుకోవడానికి భీముడికి వేరే పాఠ్యపుస్తకం కావాలా? గోనెపట్టా చాలు, కుళాయి చాలు.

ఇంట్లో మాత్రం పరిస్థితి వేరు. తండ్రి రాంజీ కబీరు పంథీ. భారతం, రామాయణం పిల్లల చేత చదివించేవాడు. ద్రోణుడు, కర్ణుడు, వాల్మీకి లాంటి వాళ్లు తక్కువ స్థితి నుంచి పైకొచ్చారు కదా, వాళ్ల కథలు చదివితే పిల్లలకి న్యూనతాభావం పోతుందని ఆయన ఆశ. కొడుక్కి ఆ మాట రుచించలేదు, ఎదురు ప్రశ్నలు వేసేవాడు. వేసినందుకు ఎవరూ బెత్తం పట్టుకోలేదు! ఆ రోజుల్లోనే, భీమరావు ఇంగ్లీషు పరీక్ష పాసైనప్పుడు మనవాళ్లు సభ పెట్టారు. దానికొచ్చిన కేలూస్కర్ గురువుగారు తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవితచరిత్రను బహుమతిగా ఇచ్చారు. గమనించండి, బాబాసాహెబ్‌కు బుద్ధుడు బడి పాఠంలో ఎదురవలేదు. పరీక్ష లేని పుస్తకంలో ఎదురయ్యాడు. చదివి, మళ్లీ మళ్లీ తరచి చూసి, దీక్ష తీసుకునేసరికి దాదాపు యాభయ్యేళ్లు పట్టింది.

కొలంబియా, లండను చదువులు, మహద్ చెరువు పోరాటం మీకు తెలిసినవే. సూటిగా 1948కి వద్దాం. డిసెంబరు 7న రాజ్యాంగ సభలో ముసాయిదా 22వ అధికరణం చర్చకొచ్చింది. ప్రభుత్వ బళ్లల్లో మతబోధన ఉండాలా వద్దా అన్నదే విషయం. కోరిన పిల్లలకి వాళ్ల వాళ్ల మతం చెప్పనివ్వండని కొందరు, ఈ నిషేధం చాలదు ఇంకా బిగించమని కొందరు. ముసాయిదా సంఘం అధ్యక్షుడిగా బాబాసాహెబ్ లేచి మూడు కారణాలు చెప్పారు.

మొదటిది డబ్బు. ప్రజలందరి పన్నులతో నడిచే బడిలో ఒక్క మతం వారికి మేలు చేసే బోధన ఎలా పెడతాం? రెండోది ఆచరణ. ఈ దేశంలో ఇన్ని మతాలు ఉండగా ఒకదానికి ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకోవాలి, ఏ ప్రభుత్వానికీ అది సాధ్యం కాదు. మూడోది అన్నిటికన్నా ఘాటైనది. ప్రతి మతమూ మోక్షానికి తన దారే దారి, మిగతావి తప్పు అంటుంది గనుక ఆ తగవు బడి లోపలికి తెస్తే అక్కడ శాంతి ఉండదన్నారు. అయితే ఒక తేడా కూడా చూపించారు. ఒక మతాన్ని పరిశోధించడం, దాని గురించి చదవడం వేరు. దాన్ని నమ్మమని బోధించడం వేరు. ఆయన వద్దన్నది రెండోదాన్నే.

అదే 28వ అధికరణమైంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన చేయకూడదు. మతబోధన షరతుతో పెట్టిన ధర్మనిధి సంస్థను ప్రభుత్వం నిర్వహిస్తుంటే దానికి మాత్రం మినహాయింపు ఉంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో మతబోధనకి, మతారాధనకి రమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదు. మైనరు పిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఈ చివరి ముక్క మన ఇళ్లల్లో ఎంతమందికి తెలుసు? మీ పాప చదివే బడిలో పొద్దున్నే ఏ ప్రార్థన చేయిస్తున్నారో కనుక్కోండి. అక్కర్లేదనుకుంటే హెడ్మాస్టరుకి కాగితం మీద రాసి ఇవ్వండి. గొడవ పడక్కర్లేదు, భయపడనూ అక్కర్లేదు.

మరి మన వందన సంగతి? సర్కారు బడిలో మనం పెట్టించుకుంటే, పక్కింటి ముస్లిం పిల్లవాడు, క్రైస్తవుల పిల్ల మన కోసం చేతులు జోడించి నిలబడాలి. ఇష్టం లేకుండా త్రిశరణం పలికిన నోటికి శరణు ఎక్కడిది? రమ్మని పిలిచి, చూసి తేల్చుకోమనడమే తథాగతుడి పద్ధతి.

1950లో ఔరంగాబాదులో పెట్టిన కాలేజీని చూడండి. అది మిళింద కళాశాల అయింది, ఆవరణ నాగసేనవనం అయింది. జవాబు చెప్పిన భిక్షువు పేరు తోటకి, ప్రశ్నలడిగిన రాజు పేరు చదువుకి!

ధమ్మం చెప్పే పనిని ఆయన సర్కారుకి అప్పజెప్పలేదు. 1955లో భారతీయ బౌద్ధ మహాసభ స్థాపించారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో తనతో దీక్ష తీసుకున్న లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు తానే చేయించారు. ఒంట్లో బాగాలేకపోయినా బుద్ధుడు, ఆయన ధమ్మం గురించిన గ్రంథం రాసి ముగించారు. డిసెంబరు 6న కన్నుమూశారు. ఆ పుస్తకం 1957లో అచ్చయింది. ఆదివారం పూట విహారంలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదవండి, ఎదురు ప్రశ్నలు వేస్తే వేయనివ్వండి.