బాఘా జతీన్ చరిత్రలో ఖరగ్‌పూర్ కూడలి

యతీంద్రనాథ ముఖోపాధ్యాయుని పేరు చెప్పగానే వంగదేశమున పులికథ వినవచ్చును. 1906లో బాకుతో పులిని చంపి ఆయన బాఘా జతీన్ అని ప్రసిద్ధుడయ్యెను. ఆ కీర్తి ఆయన సేనానిత్వమును కొంత కప్పివేసినది. దానిని గ్రహింపవలెనన్న పులిని చంపిన పొలముకంటె ఖరగ్‌పూర్ రైలుకూడలిని చూచుట మేలు.

ఆయన 1879 డిసెంబరు 7న నాటి నదియా మండలమందలి కయాగ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా తల్లి శరత్‌శశి పెంచెను. శీఘ్రలిపి నేర్చి ప్రభుత్వోద్యోగియై, ఒకవైపు కచేరీ పని, మఱియొకవైపు విప్లవసంఘ నిర్మాణము సాగించెను. 1910లో హౌరా కుట్రకేసున నిర్బంధితుడై మరుసటి యేట విడుదలయ్యెను గాని ఉద్యోగము పోయెను. పిమ్మట రైలుమార్గ నిర్మాణమున కంట్రాక్టులు చేసెను. ఈ యనుభవము తరువాతి పథకమునకు తోడ్పడెననుట ఊహయే యైనను అసంగతము కాదు.

1914లో మహాయుద్ధ మారంభమైనది. ఆగస్టు 26న విప్లవకారులు కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన 50 మౌజర్ పిస్తోళ్లను, 46,000 తూటాలను అపహరించిరి. ఇంతటితో తిరుగుబాటు సాగదు. జర్మనీతో మాటలాడుటకై జతీన్ అనుచరుడు నరేంద్రనాథ భట్టాచార్యుడు 1915లో బటేవియా వెళ్లెను, పిదప ఎం.ఎన్.రాయ్‌గా ప్రసిద్ధుడైనది ఇతడే. మావెరిక్ ఓడలో 30,000 తుపాకులు వచ్చునని తెలిసినది.

ఆయుధములు దిగినపిదప బయటి సైన్యము కలకత్తా చేరకుండ మూడు రైలుమార్గముల వంతెనలను కూల్చ నిశ్చయించిరి. మద్రాసు మార్గమును బాలేశ్వరమునుండి జతీన్ తానే చూచుకొనవలెను. బెంగాల్ నాగపూర్ మార్గమునకై భోలానాథ చటర్జీ చక్రధరపూరునకు, ఈస్టిండియన్ మార్గమునకై సతీశ చక్రవర్తి అజయనదికి పోవలెను. వీనిలో మొదటి రెండును ఖరగ్‌పూరుననే కలిసి హౌరాకు పోవును. పటము చూచినచో, కూడలిని ముట్టకయే దాని రెండు కొమ్మలను దూరమున నరుకుట ఈ పథకమని తెలియును. తెలుగు కార్మికులు పెక్కుమంది స్థిరపడిన ఆ రైల్వేపట్టణమునకు తెలుగుదేశమునుండి దారి ఈ మద్రాసు మార్గమే.

ఓడ వట్టిదిగనే జావా చేరెను. దానికి సముద్రమున ఆయుధము లందింపవలసిన ఆనీ లార్సెన్ నావ దానిని కలియలేక, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రతీరమున పట్టుబడెను. కలకత్తాలో హారీ అండ్ సన్స్ దుకాణమును సోదాచేసిన పోలీసులు, దాని శాఖయగు బాలేశ్వరపు యూనివర్సల్ ఎంపోరియము జాడపట్టి, అటనుండి మయూరభంజ్ సంస్థానపు కప్తిపదకు పోయిరి. 1915 సెప్టెంబరు 9న చషాఖండమున ఐదుగురు విప్లవకారులు పిస్తోళ్లతో తుపాకుల నెదుర్కొనిరి. చిత్తప్రియ రాయ్‌చౌధురి అచ్చటనే మరణించెను. మనోరంజన సేన్‌గుప్త, నీరేంద్రనాథ దాస్‌గుప్త ఉరితీయబడిరి. జ్యోతిష్ పాల్‌కు దీర్ఘకారాగారశిక్ష పడెను. గాయపడిన జతీన్ మరునాడు బాలేశ్వరపు ఆసుపత్రిలో కన్నుమూసెను. అప్పటికాయనకు ముప్పదియైదేండ్లు; కూల్పదలచిన వంతెన లన్నియు నిలిచియే యున్నవి.