రాబర్ట్ గొడ్డార్డ్

రాబర్ట్ హచింగ్స్ గొడ్డార్డ్ (1882 అక్టోబరు 5 - 1945 ఆగష్టు 10) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త, ఆచార్యుడు, ఆవిష్కర్త. ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్టును ప్రపంచంలో మొట్టమొదట నిర్మించి ఎగురవేసినవాడు ఇతడే. రష్యాకు చెందిన సియోల్కోవ్‌స్కీ, జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబెర్త్ లతో పాటు ఇతడిని ఆధునిక రాకెట్టు శాస్త్రానికి ఆద్యులలో ఒకడిగా పరిగణిస్తారు. మిగిలిన ఇద్దరూ ప్రధానంగా సిద్ధాంతకర్తలు కాగా, గొడ్డార్డ్ సిద్ధాంతంతో ఆగక స్వయంగా రాకెట్లను తయారుచేసి పరీక్షించాడు. 1926 నుండి 1941 వరకు ఇతడు, ఇతని సహాయకులు కలిసి 34 రాకెట్లను ప్రయోగించారు.

బాల్యము, విద్యాభ్యాసము

గొడ్డార్డ్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నేహమ్ డాన్‌ఫర్డ్ గొడ్డార్డ్, తల్లి ఫానీ లూయీ హోయిట్. చిన్నతనం బోస్టన్ లో గడచింది. తల్లికి క్షయవ్యాధి సోకడంతో 1898లో కుటుంబం తిరిగి వూస్టర్ చేరుకుంది. గొడ్డార్డ్ కూడా తరచు జబ్బు పడుతూ ఉండేవాడు. అందువలన పాఠశాల చదువులో తోటివారికన్నా వెనుకబడి, 21 ఏళ్ళు నిండిన తరువాత 1904లో ఉన్నత పాఠశాల చదువు ముగించాడు. అయితే ఇంటిపట్టున ఉన్న కాలమంతా పుస్తక పఠనంలో గడిపాడు. హెచ్.జి.వెల్స్ రచించిన అంగారక గ్రహవాసుల దండయాత్ర నవల ఇతనిపై గాఢమైన ప్రభావం చూపింది.

1899 అక్టోబరు 19న ఎండుకొమ్మలు నరకడానికి పెరటిలోని చెర్రీ చెట్టు ఎక్కినప్పుడు, అంగారకుని వరకు వెళ్ళగల యంత్రాన్ని తయారుచేయాలన్న ఊహ అతనికి కలిగింది. ఆనాటి నుండి జీవితాంతం ఆ తేదీని తన సొంత పండుగదినంగా భావించాడు.

1908లో వూస్టర్ పాలిటెక్నిక్ సంస్థ నుండి పట్టభద్రుడయ్యాడు. క్లార్క్ విశ్వవిద్యాలయం నుండి 1910లో ఎం.ఎ., 1911లో పి.హెచ్.డి. పట్టాలు పొందాడు. తరువాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం పరిశోధన చేసాడు.

అనారోగ్యము, తొలి పేటెంట్లు

1913లో గొడ్డార్డ్ కు కూడా క్షయ సోకింది. కొద్ది వారాలకు మించి బ్రతకడని వైద్యులు తేల్చిచెప్పారు. మంచం పట్టిన ఆ రోజులలోనే తన ఆలోచనలు తనతో అంతరించిపోకూడదని వాటిని పేటెంట్ల రూపంలో పదిలపరచడానికి పూనుకున్నాడు. ఆ వ్యాధి నుండి కోలుకున్నాడు గాని ఆరోగ్యం మాత్రం ఎన్నడూ పూర్తిగా కుదుటపడలేదు. 1914 జూలైలో అతనికి రెండు పేటెంట్లు లభించాయి. ఒకటి అంచెలంచెలుగా మండే బహుళ దశల రాకెట్టుకు, మరొకటి ద్రవ ఇంధనంతో పనిచేసే రాకెట్టుకు సంబంధించినవి. ఈ రెండు ఊహలే తరువాతి కాలపు అంతరిక్ష యాత్రలకు మూలమయ్యాయి.

శూన్యంలో ప్రయోగాలు

1914లో గొడ్డార్డ్ క్లార్క్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకునిగా చేరాడు. ఆ కాలంలో రాకెట్టు ముందుకు సాగాలంటే వెలువడే వాయువులు వెనుకనున్న గాలిని నెట్టాలని, గాలిలేని చోట రాకెట్టు పనిచేయదని చాలామంది నమ్మేవారు. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం ఇది పొరపాటు. వాయువులు వెనుకకు దూసుకుపోవడం వలన కలిగే ప్రతిచర్యయే రాకెట్టును నడిపిస్తుంది, దానికి గాలితో పనిలేదు. గొడ్డార్డ్ గాలి తోడివేసిన గొట్టాలలో రాకెట్టు గదులను మండించి ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. శూన్యంలో తోపుడు బలం తగ్గకపోగా కొంత పెరిగింది.

సాధారణ మందుగుండు రాకెట్లు ఇంధనంలోని శక్తిలో సుమారు 2 శాతం మాత్రమే చలనశక్తిగా మార్చగలుగుతున్నాయని అతడు కొలిచి తెలుసుకున్నాడు. ఆవిరి టర్బైన్లలో వాడే డి లావాల్ నాజిల్ ను ఉక్కు దహనగదికి అమర్చి ఆ సామర్థ్యాన్ని 60 శాతం పైకి తీసుకువెళ్ళాడు. ఈ ఫలితాలు చూసి 1917లో స్మిత్‌సోనియన్ సంస్థ అతనికి 5,000 డాలర్ల సహాయం మంజూరు చేసింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గొట్టంలో నుండి ప్రయోగించే చిన్న రాకెట్టును రూపొందించి, 1918 నవంబరులో సైన్యాధికారుల ముందు ప్రదర్శించాడు. కొద్దిరోజులకే యుద్ధం ముగియడంతో ఆ పని ఆగిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధంలో వాడిన బజూకా ఆయుధానికి ఇదే పూర్వరూపం.

పత్రికల పరిహాసము

అత్యధిక ఎత్తులను చేరే విధానం గురించి గొడ్డార్డ్ రాసిన గ్రంథాన్ని స్మిత్‌సోనియన్ సంస్థ 1919 నాటి ముద్రణగా ప్రచురించింది. దాని ముఖ్యవిషయం వాతావరణ పరిశోధనయే అయినా, చంద్రునిపైకి రాకెట్టును పంపి అక్కడ మెరుపుమందు మండించి ఆ వెలుగును భూమి నుండి చూడవచ్చునని చివరిలో ఒక సూచన ఉంది. పత్రికలు ఆ ఒక్క సూచననే పట్టుకున్నాయి. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం, శూన్యంలో రాకెట్టు పనిచేయదన్న పాత నమ్మకాన్నే ఆధారం చేసుకొని, ఉన్నత పాఠశాలలో నేర్చుకునే పాఠం కూడా ఈ ఆచార్యునికి తెలియదని ఎద్దేవా చేసింది. అప్పటికే ప్రయోగశాలలో రుజువు చేసిన విషయానికి ఎగతాళి పాలవడం గొడ్డార్డ్ ను గాయపరచింది. ఆ తరువాత అతడు తన పరిశోధనలను చాలావరకు గోప్యంగా ఉంచాడు. ఇతర పరిశోధకులతో కలిసి పనిచేయడానికి ఇష్టపడకపోవడం వలన అతని ఫలితాలు అమెరికాలోనే చాలామందికి అందలేదు.

తొలి ద్రవ ఇంధన రాకెట్టు

గొడ్డార్డ్ 1924లో ఎస్తర్ కిస్క్ ను వివాహమాడాడు. ప్రయోగాల ఛాయాచిత్రాలు తీయడం, నివేదికలు టైపు చేయడం, గడ్డికి అంటుకున్న మంటలు ఆర్పడం మొదలైన పనులన్నీ ఆమె చూసుకునేది.

1926 మార్చి 16న ఆబర్న్ లోని బంధువు ఎఫీ వార్డ్ పొలంలో, మంచు ఇంకా కరగని నేలపై, సుమారు 10 అడుగుల పొడవున్న రాకెట్టును నిలబెట్టారు. ఇంధనం పెట్రోలు, దానిని మండించేది ద్రవ ఆక్సిజన్. సహాయకుడు హెన్రీ సాక్స్ పొడుగాటి కర్రకు కట్టిన మంటతో రాకెట్టును వెలిగించాడు. రాకెట్టు వెంటనే లేవలేదు. కొంత ఇంధనం మండి బరువు తగ్గాక పైకి లేచి, 41 అడుగుల ఎత్తుకు ఎగసి, 184 అడుగుల దూరంలో పడింది. ప్రయాణకాలం 2.5 సెకండ్లు. ఎస్తర్ చేతిలోని కెమెరా ఏడు సెకండ్లు మాత్రమే పనిచేసేది. రాకెట్టు లేచేసరికి ఆ సమయం కాస్తా అయిపోవడంతో ఈ చారిత్రక ప్రయోగానికి చలనచిత్రం లేకుండా పోయింది.

నిలకడ సమస్య

ఈ తొలి రాకెట్టులో యంత్రం పైభాగాన, ఇంధన తొట్లు క్రిందిభాగాన ఉండేవి. ముందునుండి లాగితే రాకెట్టు తిన్నగా పోతుందని గొడ్డార్డ్ భావించాడు. కాని యంత్రం రాకెట్టుకే బిగించి ఉంటుంది గనుక రాకెట్టు వంగినపుడు తోపుడు దిశ కూడా దానితో పాటే వంగుతుంది. తిరిగి నిటారుగా తెచ్చే బలమేదీ పుట్టదు. ఇది గ్రహించి అతడు యంత్రాన్ని తోకభాగానికి మార్చాడు.

రాకెట్టు నిలకడగా ఎగరాలంటే గాలి ఒత్తిడి కేంద్రం గరిమనాభికి వెనుకగా ఉండాలి. తోక రెక్కల ప్రయోజనం ఇదే. విద్యార్థులు అట్టగొట్టాలతో తయారుచేసే నమూనా రాకెట్లు కూడా ఈ సూత్రంపైనే ఆధారపడతాయి. వాటిలో కొన్నింటికి పలకల రెక్కలకు బదులుగా తోక చుట్టూ పొట్టి గొట్టాలను అంటిస్తారు. గొట్టాల లోపలా బయటా ప్రవహించే గాలి రెక్కల పనే చేస్తుంది. అయితే రాకెట్టు బయలుదేరేటపుడు వేగం తక్కువ కనుక రెక్కలకు పట్టు దొరకదు. అందుకే గొడ్డార్డ్ 60 అడుగుల గోపురం ఆసరాగా రాకెట్లను వదిలేవాడు. ఆపై గైరోస్కోపుతో నడిచే పలకలను మంటదారిలో అమర్చి రాకెట్టు దిశను సరిదిద్దే పద్ధతిని రూపొందించాడు. 1932 ఏప్రిల్ 19న ఈ పద్ధతిని తొలిసారి ఎగురవేసి పరీక్షించాడు.

రాస్వెల్ లో పరిశోధనలు

1929 జూలై 17న బారోమీటరు, ఉష్ణమాపకం, కెమెరాలతో ఒక రాకెట్టును ప్రయోగించాడు. ఆ శబ్దానికి విమానం కూలిందేమోనని పోలీసులు పరుగున వచ్చారు. ఆ రాష్ట్రంలో ప్రయోగాలు చేయరాదని అధికారులు నిషేధించారు. అయితే ఈ వార్త చదివిన ప్రఖ్యాత విమాన చోదకుడు ఛార్లెస్ లిండ్‌బర్గ్ గొడ్డార్డ్ ను కలుసుకొని, గుగ్గెన్‌హీమ్ కుటుంబం నుండి ధనసహాయం ఇప్పించాడు.

1930లో గొడ్డార్డ్ న్యూమెక్సికోలోని నిర్జన ప్రాంతమైన రాస్వెల్ కు తరలివెళ్ళాడు. 1935 మార్చి 28న గైరోస్కోపు అమర్చిన రాకెట్టు 4,800 అడుగుల ఎత్తుకు చేరి, గంటకు 550 మైళ్ళ వేగంతో 13,000 అడుగుల దూరం ప్రయాణించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో లిండ్‌బర్గ్, హ్యారీ గుగ్గెన్‌హీమ్ చూడవచ్చినపుడు మాత్రం రెండు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. 1937 మార్చిలో మరొక రాకెట్టు 8,000 అడుగులు దాటింది. ఇదే అతడు సాధించిన అత్యధిక ఎత్తు.

చివరి రోజులు

1940లో గొడ్డార్డ్ దూరశ్రేణి రాకెట్ల గురించి సైన్యానికి వివరించినా వారు ఆసక్తి చూపలేదు. 1942 నుండి అన్నపోలిస్ లో నౌకాదళం కొరకు, విమానాలు త్వరగా పైకి లేవడానికి తోడ్పడే రాకెట్లపై పనిచేసాడు. జర్మనీ నిర్మించిన వి-2 రాకెట్టు భాగాలను 1945లో పరిశీలించే అవకాశం అతనికి కలిగింది. తన ఊహలను మరొక దేశం అంత పెద్దయెత్తున సాధించిందని చూసిన కొద్ది నెలలకే, గొంతు క్యాన్సరుతో 1945 ఆగష్టు 10న బాల్టిమోర్ లో మరణించాడు.

గుర్తింపు

గొడ్డార్డ్ పేరిట 214 పేటెంట్లు ఉన్నాయి. వాటిలో 131 పేటెంట్లకు అతని మరణానంతరం భార్య ఎస్తర్ దరఖాస్తు చేసి సాధించింది. 1959లో నాసా సంస్థ మేరీలాండ్ లోని తన అంతరిక్ష కేంద్రానికి గొడ్డార్డ్ పేరు పెట్టింది. 1960లో అమెరికా ప్రభుత్వం అతని పేటెంట్లను వాడుకున్నందుకు పది లక్షల డాలర్లు చెల్లించింది. చంద్రునిపై ఒక బిలానికి కూడా అతని పేరు ఉంది.

అపోలో 11 చంద్రుని వైపు సాగుతుండగా 1969 జూలై 17న న్యూయార్క్ టైమ్స్, శూన్యంలో కూడా రాకెట్టు పనిచేస్తుందని అంగీకరిస్తూ 1920 నాటి తన పొరపాటుకు విచారం తెలిపింది. అప్పటికి గొడ్డార్డ్ మరణించి దాదాపు 24 సంవత్సరాలు గడచింది.