రాణీ రాసమణి చరిత్రము: దక్షిణేశ్వర కాళికాలయ నిర్మాణము



కాశీయాత్ర చేయు ఆంధ్రులలో పలువురు మరలి వచ్చునపుడు కలకత్తా నగరమున దిగి కాళీఘట్టమున అమ్మవారిని సేవించి వచ్చుట చిరకాలముగా నున్న వాడుక. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో కాశీయాత్ర చేసి ఆ నగరమును జూచిరి. కాని నేడు యాత్రికులు తప్పక దర్శించు దక్షిణేశ్వర కాళికాలయము వారి కాలమునకు లేదు. దానిని వెలయించిన పుణ్యాత్మురాలు రాణీ రాసమణి. ఆమె రాజపత్నియు గాదు, రాజపుత్రికయు గాదు. రాణి యనునది కన్నతల్లి ముద్దుగా పిలిచిన పేరు. వంగదేశమున శూద్రులుగా నెంచబడిన కైవర్తకులమున జన్మించిన ఇల్లాలామె. తాను కట్టించిన గుడిలో అమ్మవారికి పట్టెడన్నము నివేదించు అధికారము తనకు లేదని పండితులు చెప్పిన దినమున ఆమె యేమి చేసెనో మన సంఘీయులకు తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఉద్యోగవిరమణానంతరము నేనీ క్షేత్రమును దర్శించితిని. 2021వ సంవత్సరము నుండి మెట్రో రైలు దక్షిణేశ్వరము వరకు పోవుచున్నది. స్టేషను చెంతనుండి గుడివాకిటి వరకు రాణి పేరనే 2018లో నిర్మించిన ఎత్తయిన నడకవంతెన గలదు. మందారపూలును, పేడాయును గల బుట్ట నొకటి కొని వరుసలో నిలిచితిని. మంగళవారమగుటచే రెండు గంటలు నిలువవలసి వచ్చెను. అమ్మవారి యెదుట నిలిచినది మాత్రము రెండు నిమిషములైనను లేదు. నా మోకాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. అయినను, తొమ్మిది శిఖరములతో నూరడుగులకు మించి లేచిన ఆ దేవళమున, వెండి సహస్రదళపద్మముపై శయనించిన శివుని వక్షఃస్థలమున నిలిచిన భవతారిణిని జూచినవారికి శ్రమ గుర్తుండదు. గంగ యొడ్డున స్నానఘట్టమునకు ఆ ప్రక్క ఆరును ఈ ప్రక్క ఆరునుగా పండ్రెండు శివాలయములు. ఆవరణలో రాధాకృష్ణుల కోవెల. ఎదుట విశాలమైన నాట్యమండపము. వాయవ్యమూల గదిలో శ్రీరామకృష్ణ పరమహంసులవారు నివసించిరి. ఉత్తరపు నౌబతుఖానాలో శారదామాత నివసించిరి. ఆ గది యెంత యిరుకో చూచినగాని నమ్మలేము.

రాసమణి 1793వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హాలిశహరు సమీపమునగల కోనా గ్రామమున జన్మించెను. తండ్రి హరేకృష్ణదాసు, సామాన్యగృహస్థు. ఏడవయేటనే తల్లి గతించెను. 1804లో కలకత్తా జాన్‌బజారునందలి ధనికుడగు రాజచంద్రదాసునకు ఆమె నిచ్చి వివాహము చేసిరి. గంగ యొడ్డున 1830 నాటి బాబూఘట్టము ఆయన కట్టించినదే. 1836లో ఆయన మరణించెను. నలుగురు కుమార్తెలు, మగసంతతి లేదు. అంతటి యాస్తిని ఆడుది యెట్లు కాపాడునని అనుకొన్నవారు లేకపోలేదు. మూడవ కుమార్తె భర్తయు, ఆమె మరణించిన పిదప కడగొట్టు కుమార్తె జగదంబకు భర్తయునైన మథురమోహనుడు కుడిభుజముగా నుండగా ఆమె జమీందారీని భర్తకాలముకంటె తక్కువగాకుండ నడపెను.

ఆమె ధైర్యమును తెలుపు కథ యొకటి కలకత్తావాసులు నేటికిని చెప్పుకొందురు. కుంపిణీ ప్రభుత్వమువారు గంగలో చేపలు పట్టు జాలరులపై పన్ను విధించిరి. జాలరులు వచ్చి మొరపెట్టుకొనిరి. అర్జీ వ్రాసి ఊరకుండుట ఆమె స్వభావము గాదు. పదివేల రూపాయలు చెల్లించి, ఘుసుడీ మొదలు మెటియాబురుజు వరకుగల నదీభాగమును తన పేర ఇజారాకు తీసికొని, నదికి అడ్డముగా ఇనుపగొలుసులు కట్టించెను. ఓడలు నిలిచిపోయెను. దొరలు కారణ మడుగగా, ఓడల రాకపోకలచే చేపలు బెదరి పోవుచున్నవనియు, తాను సొమ్ము చెల్లించిన హక్కును తాను కాపాడుకొనుచున్నాననియు బదులు చెప్పించెను. పన్ను రద్దయ్యెను, పదివేలును తిరిగి వచ్చెను.

1847లో ఆమె కాశీయాత్రకు సంకల్పించి, ఇరువదినాలుగు పడవలలో సామగ్రి నింపించెను. బయలుదేరు ముందటి రాత్రి జగన్మాత స్వప్నమున గనబడి, కాశికి రానక్కరలేదనియు, గంగాతీరముననే తనను ప్రతిష్ఠించి నిత్యనైవేద్య మేర్పరుపుమనియు ఆదేశించినదట. నమ్మువారు నమ్ముదురు, కాని యాత్రకు కూర్చిన ధాన్యధనములు బీదల పాలగుటయు, ఆమె స్థలము వెదకుటయు చరిత్రమే. దక్షిణేశ్వరమున ఒక ఆంగ్లేయుని తోటయు, దాని ప్రక్కనున్న మహమ్మదీయుల శ్మశానభూమియు గలసిన స్థలము దొరకెను. అది కూర్మపృష్ఠాకారమున నుండుటచే శక్తిపీఠమునకు తగినదని తాంత్రికుల మతము. నిర్మాణము 1855 వరకు సాగెను. సుమారు తొమ్మిదిలక్షల రూపాయలు వ్యయమయ్యెను. అంతకాలమును ఆమె త్రికాలస్నానము, హవిష్యాన్నము, భూశయనము అను నియమములతో గడపెను.

ఇక అసలు చిక్కు వచ్చెను. అమ్మవారికి వండిన యన్నము నివేదింపవలెనని ఆమె కోరిక. శూద్రురాలి గుడిలో అన్ననివేదనము శాస్త్రసమ్మతము గాదనియు, అట్టి ప్రసాదము బ్రాహ్మణులు ముట్టరాదనియు, ఆమె అడిగించిన పండితులు ఒకరి వెంట నొకరు వ్రాసి పంపిరి. ఈ రచయిత జీవితమంతయు సంస్కృతము చెప్పినవాడే. శాస్త్రమును త్రోసిపుచ్చ జాలను. అయినను ఆ పండితులలో నొక్కడైనను, తల్లికి బిడ్డ అన్నము పెట్టరాదను మాట వ్రాయునపుడు చేయి వణకి యుండదా యని తలపకుండ ఉండలేకున్నాను. తుదకు ఝామాపుకూరున పాఠశాల నడుపుచుండిన రామకుమార చట్టోపాధ్యాయుడను కామారపుకూరు బ్రాహ్మణు డొక వ్యవస్థ నిచ్చెను. ప్రతిష్ఠకు ముందే ఆలయమును బ్రాహ్మణునకు దానముచేసి, అతడు ప్రతిష్ఠించి అన్ననివేదన మేర్పరచినచో దోషములేదని దాని సారము.

ఇందలి కష్టమును సంఘపోషకులగు మహాశయులు బాగుగా గ్రహింపగలరు. సత్రమునకు ఒక గది కట్టించినను రాతిపలకపై పేరుండవలెనని కోరువారము మనము. ఆమె యెనిమిదేండ్లు కట్టించిన ఆలయమును తన గురువు పేర సంకల్పించి, తాను అతని పక్షమున నిర్వహణము చూచు సేవకురాలిగా నుండుట కంగీకరించెను. అమ్మ అన్నము తినిన చాలును. గుడి యెవరిదైన నేమి యని ఆమె తలంపు కాబోలు.

అర్చకత్వమునకును శూద్రుల కొలువని ఎవరును రాలేదు. ఆ వ్యవస్థ నిచ్చిన రామకుమారుడే పూనుకొనెను. 1855 మే 31న, జ్యేష్ఠపూర్ణిమ స్నానయాత్రా దినమున, ప్రతిష్ఠ జరిగెను. అన్నతో వచ్చిన గదాధరుడను యువకుడు ఆనాటి మహాసంతర్పణలో భుజింపక, అంగడిలో మరమరాలు కొని తిని ఆకలి తీర్చుకొనెను. అటుపిమ్మట కొంతకాలము గంగ యొడ్డున స్వయముగా వండుకొనెను. ఆ యువకుడే తరువాత శ్రీరామకృష్ణ పరమహంస.

ఆ సంవత్సరమే గోవిందవిగ్రహము పూజారి చేతినుండి జారి పాదము విరిగెను. భిన్నవిగ్రహమును గంగలో విడువవలెనని పండితులనిరి. అల్లుని కాలు విరిగినచో వైద్యము చేయింతుమా, పారవేసి వేరొక అల్లుని తెచ్చుకొందుమా యని గదాధరు డడిగెను. రాణి ఆ మాటనే పాటించెను. పాదము నతికినవాడును గదాధరుడే. మరియొకనాడు ఆమె గర్భాలయమున కూర్చుండి అతని పాట వినుచు, మనస్సున నొక వ్యాజ్యమును గూర్చి చింతించుచుండెను. అతడు గుర్తించి చేతితో కొట్టెను. నౌకరులు పరుగెత్తి వచ్చిరి. ఆమె వారిని వారించి, తప్పు తనదే యని యూరకుండెను. తన జీతగాని చేతి దెబ్బను జపమున నిలువని మనస్సునకు శిక్షగా గైకొన్న యజమానురాలిని నేను మరియొకచోట చదువలేదు.

ఆలయవ్యయమునకై ఆమె 1855లోనే దినాజపురము జిల్లాలో శాలబాడీ యను భూమిని 2,26,000 రూపాయలకు కొనెను. కాని దానిని దేవతాస్వముగా జేయు దస్తావేజు వ్రాయుట ఆలస్యమయ్యెను. 1861 ఫిబ్రవరి నాటికి ఆమె మంచము పట్టెను. అప్పటికి బ్రతికియున్న కుమార్తెలు పద్మమణి, జగదంబ యను నిరువురు. జగదంబ సమ్మతిపత్రమున వ్రాలు చేసెను. పద్మమణి చేయలేదు. 18వ తేదీన రాణి దస్తావేజుపై సంతకము చేసెను. మరునాడు కాళీఘట్టమున ఆదిగంగ యొడ్డునకు ఆమెను చేర్చిరి. చుట్టును వెలిగించిన దీపములను తీసివేయుమనియు, అమ్మ వెలుగు వచ్చుచున్నదనియు ఆమె పలికినదని చెప్పుదురు. పద్మ సంతకము చేయలేదే, ఇక నేమగునో యని చింతించినదనియు చెప్పుదురు. తరువాత కుమార్తెల నడుమ వ్యాజ్యములు హైకోర్టుదాక పోయినవి. అమ్మవారికి అన్ననైవేద్యము మాత్రము నేటికిని జరుగుచున్నది.