రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు

తటాకములు త్రవ్వించుట, బావులు కట్టించుట, బాటసారులకు సత్రములు నెలకొల్పుట మున్నగువానిని మన పూర్వులు పూర్తధర్మమని వ్యవహరించిరి. ఆ ధర్మమునకు కాలానుగుణముగా విద్యార్థి వసతిగృహమను రూపమిచ్చి, తెలంగాణమున మన సంఘమునకు మార్గదర్శకులైన మహనీయులు రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు.

శ్రీవారు 1869వ సంవత్సరమున పాలమూరు ప్రాంతమున వనపర్తి సంస్థానమునకు చేరిన రాయణిపేట గ్రామమున జన్మించిరి. పసితనముననే తల్లిని గోల్పోయి మాతామహి యొద్ద పెరిగి, వీధిబడిలో చదివి, యౌవనారంభముననే పోలీసుశాఖలో అమీనుగా ప్రవేశించిరి.

అప్పటి హైదరాబాదు నగరస్థితి నొకింత తెలుపవలసియున్నది. 1908వ సంవత్సరపు మూసీ వరదలో నగరము కకావికలైన పిమ్మట, 1912లో నిజాము ప్రభుత్వము ఆరాయిషె బల్దా యను నగరాభివృద్ధి సంఘమును స్థాపించి రాజధానిని సంస్కరింప దొడగెను. కాలక్రమమున మూసీ యొడ్డున ఉన్నతన్యాయస్థానము, ఉస్మానియా వైద్యాలయము వెలసినవి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. వీనికి ప్రభుత్వపు బొక్కసమే యాధారము. కాని చదువు నాశించి పల్లెనుండి మూటతో వచ్చిన తెలుగు బాలుడు రాత్రి తలదాచుకొనుట యెక్కడ? పూటకూటి యింట తినుటకు సొమ్మేది? ఈ ప్రశ్నకు దాతల సంచియే బదులు చెప్పవలసివచ్చెను.

ఆ 1918వ సంవత్సరముననే వేంకటరామారెడ్డిగారు పూనిక వహించి, సంస్థానాధీశుల యొద్దను, దేశముఖుల యొద్దను విరాళములు ప్రోగుచేసి రెడ్డి వసతిగృహమును స్థాపించిరి. 18వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమాండు ఫిరంగులు పోయించిన గన్‌ఫౌండ్రీకి చేరువనే, అబిడ్సులో ఆ సంస్థ స్థిరపడెను. ఒకప్పుడు యుద్ధసాధనములు రూపొందిన ప్రాంతమున విద్యావంతులు రూపొందసాగిరి.

రెండేండ్లకు, 1920లో, వారు నగర కొత్వాలు పదవి నలంకరించి 1934 వరకు నిర్వహించిరి. నిజాము పాలనలో ఆ పదవి నందిన తొలి హిందువులు వారే. కొత్వాలనిన నగరమంతయు జంకెడి కాలమది. అట్టి యధికారి చేయి చాచినపుడు భయముచే నిచ్చువారు పెక్కుమంది యుందురు. కాని భయముచే వచ్చిన ధనము అధికారముతోడనే యింకిపోవును. వారి పదవి ముగిసిన తరువాతను సంస్థ వర్ధిల్లుటయే, దాతలు విశ్వాసముచే నిచ్చిరనుటకు నిదర్శనము.

ఆ గృహము కేవలము అన్నశాలగా నుండిపోలేదు. అందు గ్రంథాలయము వెలసెను. గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణమున పాలుపంచుకొనిరి. రాజాబహద్దరుగారి జీవితచరిత్రమును సయితము రచించిరి. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు జన్మించినది ఆ ప్రాంగణముననే. ఒక కులము పేర గట్టిన గోడలు తెలుగువారందరి భాషకు పురుటిల్లైనవి. మాడపాటి హనుమంతరావుగారి కృషిచే 1928లో నెలకొన్న నారాయణగూడ బాలికా పాఠశాలకును రాజాబహద్దరుగారు బాసటగా నిలిచిరి.

1953లో వారు కీర్తిశేషులైరి. మరుసటి యేడు, 1954లో, వారి పేర నారాయణగూడలో మహిళాకళాశాల యేర్పడెను. వీధిబడిలో చదువుకొన్న బాలుని పేరు కళాశాల ద్వారమున వెలయుటకంటె ధన్యత యేమున్నది?

నూతన నిర్మాణముకంటె జీర్ణోద్ధరణమే పుణ్యప్రదమని మన ధర్మజ్ఞుల మతము. పెద్దలు కట్టి యిచ్చిన కట్టడములను కాలమునకు తగినట్లు సంస్కరించుటకు, ఏ కులమువాడైనను ఆకలిగొని వచ్చిన విద్యార్థికి తావిచ్చుటకు మన సంచులు విప్పుద మేని, వారి ఋణము కొంతయైన దీరును.