మాన్షియర్ రేమండ్

మాన్షియర్ రేమండ్ (1755 - 1798 మార్చి 25) 18వ శతాబ్దం చివరి భాగంలో హైదరాబాదు రాజ్య సైన్యంలో పనిచేసిన ఫ్రెంచి సేనాని. ఇతని పూర్తి పేరు మిషెల్ జోయాకిం మారీ రేమండ్. రెండవ ఆసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ కొలువులో మూడు వందల మంది సిపాయిలతో ప్రారంభించి, పది వేలకు మించిన దళానికి అధిపతి అయ్యాడు. ఐరోపా పద్ధతిలో ఫిరంగులు, తుపాకులు తయారుచేసే కర్మాగారాలను హైదరాబాదులో నెలకొల్పాడు. నగరంలోని గన్‌ఫౌండ్రీ, మూసారాంబాగ్ అనే పేర్లు ఇతని జ్ఞాపకంగా నేటికీ వాడుకలో ఉన్నాయి.

తొలి జీవితం

రేమండ్ ఫ్రాన్సు దేశపు నైరుతి ప్రాంతమైన గాస్కనీలో ఒక వర్తకుని కుటుంబంలో జన్మించాడు. 1775లో వ్యాపారం నిమిత్తం సోదరునితో కలిసి పుదుచ్చేరి చేరుకున్నాడు. కొద్దికాలానికే వర్తకం విడిచి సైనిక వృత్తిలో ప్రవేశించాడు. మైసూరు పాలకుడు హైదర్ అలీ పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి దళంలో పనిచేసి అనుభవం గడించాడు. 1783లో ఫ్రెంచి సేనాధిపతి బుస్సీ మరల భారతదేశానికి వచ్చినపుడు అతని వద్ద అంగరక్షక అధికారిగా నియమితుడయ్యాడు. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో మరణించిన తరువాత రేమండ్ నిజాం కొలువులో చేరాడు.

అద్దె తుపాకుల దళం

నిజాం కొలువులో రేమండ్ సమకూర్చుకొన్న మొదటి దళంలో సుమారు 300 మంది మాత్రమే ఉండేవారు. వారికి కావలసిన తుపాకులు కొనే స్తోమత లేనందున ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద తుపాకి ఒక్కింటికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తీసుకున్నాడు. అనగా 300 తుపాకులకు నెలకు 150 రూపాయలు, సంవత్సరానికి 1800 రూపాయలు చెల్లించవలసి వచ్చేది. ఎంత చెల్లించినా తుపాకి మాత్రం సొంతం కాదు.

అదే కాలంలో ఉత్తరాన మరాఠా నాయకుడు మహాద్జీ సింధియా కొలువులో ద బాయిన్ అనే సేనాని ఉండేవాడు. అతని కింద ఆగ్రాలో పనిచేసిన సాంగ్‌స్టర్ అనే స్కాట్లండు దేశస్థుడు ఐరోపా నమూనా తుపాకులను ఒక్కొక్కటి సుమారు పది రూపాయల ఖర్చుతో తయారుచేయించాడు. ఈ లెక్కన రేమండ్ ఇరవై నెలలు చెల్లించిన అద్దెతో అటువంటి తుపాకి ఒకటి సొంతమయ్యేది. దేశీయ రాజ్యాలు ఐరోపా ఆయుధాలకు నకళ్ళు తయారుచేయించడానికి పూనుకొనడంలో ఈ ఖర్చు తేడా ఒక కారణం. సరఫరా రెండవ కారణం. సముద్ర మార్గాలపై ఇంగ్లీషువారి ఆధిపత్యం ఉన్నందున, యుద్ధం వచ్చినపుడు ఫ్రెంచి సరుకు రేవు చేరుతుందన్న నమ్మకం ఉండేది కాదు.

అసలు, నకలు

ఆనాడు ప్రపంచంలో ప్రసిద్ధి చెందిన చెకుముకి తుపాకులు రెండు. మొదటిది ఫ్రెంచివారి షార్ల్‌విల్, రెండవది ఇంగ్లీషువారి బ్రౌన్ బెస్. షార్ల్‌విల్ గొట్టం వ్యాసం 0.69 అంగుళం, బ్రౌన్ బెస్ గొట్టం వ్యాసం 0.75 అంగుళం. కనుక ఒకదానికై పోసిన గుండు రెండవదానికి సరిపడదు. ఒక దళంలో రెండు రకాల తుపాకులు ఉంటే రెండు రకాల గుండ్లు మోసుకొని పోవలసిందే.

ఈ తుపాకులకు నకళ్ళు తయారుచేయడం అప్పట్లో తప్పుగా భావించబడలేదు. అమెరికా ప్రభుత్వం 1795లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తయారీకి తీసుకొన్న తుపాకి 1763 నాటి షార్ల్‌విల్‌కు దాదాపు నకలే. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కొరకు బ్రౌన్ బెస్‌ను చౌకగా, సరళంగా మార్పించి, గొట్టం పొడవును 42 అంగుళాల నుండి 39 అంగుళాలకు తగ్గించింది. ఫ్రాన్సుతో యుద్ధం వలన తుపాకుల కొరత ఏర్పడినపుడు, 1797లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ చౌక నమూనానే తన సొంత సైన్యానికి స్వీకరించింది.

అయితే నకలు తుపాకి మేలు దాని ఆకారంలో లేదు. ఇనుప రేకును చుట్టి అతికిన గొట్టంలో పగులు లేకుండా ఉండాలి. చెకుముకి రాతి దెబ్బకు నిప్పురవ్వ రాలే ఉక్కుపలక తగినంత గట్టిగా ఉండాలి. స్ప్రింగు త్వరగా సడలిపోరాదు. అందుకే గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి, పేల్చి పరీక్షించే ఆచారం ఉండేది. పరీక్షలో నిలవని నకలు ఎంత చౌకైనా సిపాయి ప్రాణానికే ముప్పు.

ఖర్దా యుద్ధం, గన్‌ఫౌండ్రీ

1795 మార్చి 11న ఖర్దా వద్ద నిజాం, మరాఠా సైన్యాల మధ్య యుద్ధం జరిగింది. ఇంగ్లీషువారు నిజాముకు సహాయం చేయక తటస్థంగా ఉన్నారు. నిజాం ఓడిపోయి భారీ నష్టపరిహారానికి అంగీకరించాడు. ఆ యుద్ధంలో రేమండ్ దళాలు క్రమశిక్షణతో పోరాడినందున నిజాముకు అతనిపై విశ్వాసం పెరిగింది. అదే సంవత్సరం నిజాం కుమారుడు అలీ జా తిరుగుబాటు చేయగా, రేమండ్ దానిని అణచి అతనిని బంధించాడు.

ఈ కాలంలోనే, 1795లో, ఫతే మైదాన్ సమీపంలో ఫిరంగులు పోతపోసే కర్మాగారం ఏర్పడింది. ప్రజలు దీనిని తోప్ కా సాంచా అని పిలిచేవారు. తోప్ అనగా ఫిరంగి, సాంచా అనగా అచ్చు. రేమండ్ ఆధ్వర్యంలో ఫిరంగులతోపాటు తుపాకులు, మందుగుండు సామగ్రి కూడా నగర పరిసరాలలోనే తయారయ్యేవి. అద్దె తుపాకులతో మొదలైన దళానికి సొంత ఆయుధాల వనరు ఏర్పడింది. ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండాతో కవాతు చేసే ఈ దళాన్ని చూసి ఇంగ్లీషువారు ఆందోళన చెందారు.

మరణం, దళం రద్దు

1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. విషప్రయోగం జరిగిందనే ప్రచారం ఉన్నా దానికి రుజువు లేదు. అతని స్థానంలో పిరోన్ నియమితుడయ్యాడు. 1798 సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒప్పందం చేసుకొని, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయడానికి అంగీకరించాడు. జీతాల బకాయిల కొరకు సిపాయిలు తమ అధికారులపైనే తిరగబడ్డారు. అక్టోబరు 22న ఇంగ్లీషు సేనలు శిబిరాన్ని చుట్టుముట్టగా, వేలాది సిపాయిలు యుద్ధం లేకుండానే ఆయుధాలు అప్పగించారు.

తుపాకి తయారీ హైదరాబాదుకు వచ్చినా, దళాన్ని నడిపే అధికారులు పరాయి దేశస్థులుగానే మిగిలారు. సిపాయి విధేయత జీతంపై ఆధారపడి ఉంది. రక్షణ విషయంలో రాజ్యం ఇంగ్లీషువారిపై ఆధారపడినప్పుడు సొంత కర్మాగారాల వలన కలిగిన స్వతంత్రత నిలవలేదు.

స్మారకాలు

రేమండ్ సమాధి మలక్‌పేట సమీపంలోని ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఉంది. సుమారు ఏడు మీటర్ల ఎత్తైన నల్లని స్తంభంపై అతని పేరులోని పొడి అక్షరాలు కనిపిస్తాయి. ప్రక్కనున్న స్తంభాల మంటపం 2001లో కూలిపోగా తరువాత పునర్నిర్మించారు. హిందువులు ఇతనిని మూసా రామ్ అని, ముస్లింలు మూసా రహీమ్ అని పిలుచుకొనేవారు. మూసారాంబాగ్ అనే పేరు ఆ విధంగా ఏర్పడింది. తోప్ కా సాంచా శిథిలాలు గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో ఉన్నాయి.