పాల్కురికి సోమనాథుడు, ఆయన పేరిటి ఊళ్ళు

తెలుగునాట పాలకుర్తి యను పేరుగల గ్రామ మొక్కటియే కాదు. పెద్దపల్లి జిల్లాలో రామగుండమునకు చేరువ నొక పాలకుర్తి గలదు. వరంగల్లునకు నైరుతి మూలగా, పూర్వము జనగామ తాలూకాలో చేరియుండిన పాలకుర్తి మరియొకటి. ఇది చిరకాలము వరంగల్లు జిల్లాలో నుండి, 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట జనగామ జిల్లాలోనికి వచ్చినది. ఇక కన్నడ దేశమున తుమకూరు జిల్లా తిపటూరు తాలూకాలో హాల్కురికె యను నూరు గలదు. వీనిలో మొదటి దానికి బసవపురాణకర్తతో సంబంధమున్నదని యెవరును చెప్పలేదు. తక్కిన రెండిటి విషయముననే వాదము. వీరశైవ వాఙ్మయమునకు ద్విపదలో పునాది వేసిన మహాకవి ఏ పాల్కురికి వాడు?

పేరును బట్టి మాత్రమే నిర్ణయింపబూనినచో చిక్కు తీరదు. ప్రాచీన గ్రంథములలో ఈ పేరు పాలకురికి, పాల్కురికి, పాలకుర్కి అని పలు విధముల కనబడును. తెలుగున అది క్రమముగ పాలకుర్తియైనది. కల్వకుర్తి, ఏల్కుర్తి వంటి పేళ్ళు ఈ నేలపై పెక్కు గలవు గనుక ఆ మార్పు వింతగాదు. కన్నడమున పదాదిని గల పకారము హకారముగ మారుట సర్వసాధారణము. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. కావున పాల్కురికె హాల్కురికె యగుట కన్నడ వ్యాకరణరీతికి సరిపోవుచున్నది. పేరు రెండు దేశములకును ఒదిగినపుడు పేరును విడిచి కవి జీవితమును చూడవలెను.

జనగామ ప్రాంతపు పాలకుర్తిలో ఊరికి అండగా కొండ గలదు. ఆ కొండగుహలలో సోమేశ్వరస్వామియు, లక్ష్మీనరసింహస్వామియు ఒకచోటనే కొలువుదీరియున్నారు. శివకేశవు లిట్లు ఇరుగుపొరుగుగా నుండుట చూచువారికి ముచ్చట గొల్పును. పశ్చిమమున ఆలేరు చెంత కొలనుపాకలో మరియొక సోమేశ్వరుడు గలడు. రేణుకాచార్యుని ఆవిర్భావస్థలమని వీరశైవులు దానిని సేవింతురు. సోమేశ్వరుని పేరిట బిడ్డలకు సోమయ్య, సోమన్న, సోమనాథుడని నామకరణము చేయుట ఈ సీమలో వాడుక. ఊరును, దేవుడును, బిడ్డయు ఒకే పేరును పంచుకొనుట ఇచ్చటివారికి క్రొత్తగాదు.

సోమనాథుని తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. దీక్షాగురువు గురులింగార్యుడు. కరస్థలి విశ్వనాథయ్యను తన గురువుగ సోమనాథుడు కొలిచెను. ఈయన పుట్టుకచే బ్రాహ్మణుడా, జంగముడా యని పండితులు చాల తర్కించిరి. ఆ తర్కమునకు ఆయనయే తావీయలేదనుట సత్యము. అనుభవసారమున ఆయన తన్ను భృంగిరిటి గోత్రునిగను, గురులింగమునకు పుట్టిన బిడ్డగను, శివుని కులమువానిగను చెప్పుకొనెను. దీక్షతో పూర్వగోత్రము తొలగినది, వంశము తొలగినది. తొలగనిది ఊరిపేరు మాత్రమే. కులమును, గోత్రమును గురుపాదములకడ విడిచినవాడు పాల్కురికి యను మాటను మాత్రము తన పేరునకు ముందు కడవరకును నిలుపుకొనెను. అందుచేతనే ఆ ఊరేదో తెలిసికొనుట వ్యర్థప్రయాస గాదు.

బసవపురాణము ఆయన కృతులలో శిరోభూషణము. బసవేశ్వరుడు లింగైక్యమొందిన పిదప ఆయన చరిత్ర భక్తుల నోళ్ళలో పాటలుగను, కథలుగను ప్రాకుచుండెను. వానిని ఏరి కూర్చి సోమనాథుడు పురాణముగ తీర్చి గొబ్బూరి సంగనామాత్యునకు అంకితమొసగెను. సంస్కృత వృత్తములలో వ్రాసి పండితుల మెప్పు పొందగల శక్తి ఆయనకు లేకపోలేదు. వృషాధిప శతకము, చతుర్వేదసారము, సంస్కృతమున సోమనాథభాష్యము అందులకు సాక్ష్యములు. అయినను బసవన్న కథకు ఆయన ద్విపదను కోరుకొనెను, జాను తెనుగును కోరుకొనెను. స్త్రీలు, వృత్తిపనివారు, చదువురానివారు గుంపుగా కూర్చుండి పాడుకొనదగినది ద్విపదయే గదా.

అందలి కథలును అట్టివే. రాజులకన్న చాకలి మడివాలు మాచయ్యయు, పల్లెబాలికయగు గొడగూచియు అందు పెద్దపీటపై కూర్చుందురు. తండ్రి ఊరికిబోవుచు శివునకు పాలు ఆరగింపు సేయుమని అప్పగింపగా, దేవుడు నిజముగ త్రాగునని నమ్మి, త్రాగకున్న తల మోదుకొనుటకు సిద్ధపడిన చిన్నది గొడగూచి. శివుడు త్రాగక తప్పలేదు. బెజ్జ మహాదేవి కథ మరియు మనోహరము. శివునకు తల్లి లేదుగదా, తల్లి యున్నచో విషము త్రాగనిచ్చునా, వల్లకాటిలో తిరుగనిచ్చునా, బూడిద పూసికొననిచ్చునా యని ఆ యిల్లాలు తల్లడిల్లి, తానే తల్లియై లింగమునకు తలంటి నీళ్ళుపోసి, పాలుపట్టి, జోలపాడెను. ఈ కథను చెప్పుటకు సోమనాథుడు వాడిన మాటలన్నియు పురిటింటి మాటలే. వానిని కవి నిఘంటువులలో వెదకి తెచ్చుకొనలేదు, ఇండ్లలో విని నేర్చుకొనెను. తెలుగింటి తల్లుల నడుమ పెరిగినవానికి గాక ఇతరులకు ఆ పలుకుబడి పట్టువడుట దుర్లభము.

ఓరుగల్లుతో ఆయనకు గల సంబంధము పిడపర్తి సోమనాథుడు చెప్పిన కథవలన తెలియవచ్చుచున్నది. ప్రతాపరుద్ర మహారాజు శివాలయ దర్శనమునకు వచ్చినపుడు అచ్చట భక్తులు గుమిగూడి బసవపురాణము వినుచుండిరి. అది యేమని రాజు అడుగగా ప్రక్కనున్న విప్రు డొకడు, అది ప్రాచీన పురాణము గాదనియు, పాల్కురికి సోమన యను నతడు ఈ నడుమ యతినియమము పాటింపక అల్లిన ద్విపద యనియు తేలికగ మాటలాడెను. రాజు వెడలిపోయెను. ఈ వార్త విని సోమనాథుడు శిష్యసమేతుడై ఓరుగంటికి వచ్చి తన పురాణపు మహిమను నిలబెట్టెనని కథ. ఇందులూరి అన్నయమంత్రి ఆయనకు భక్తుడయ్యెననియు ఆ సంప్రదాయము చెప్పుచున్నది. కథలో మహిమలెన్ని చేరినను ఒక మాట మాత్రము నమ్మదగియున్నది. కొత్తది, దేశిది, సామాన్యులు పాడుకొనునది యను కారణముచే బసవపురాణము రాజసన్నిధిని ఒకమారు అవమానము పొందియుండును.

ఆ ప్రతాపరుద్రు డెవరు? ఇచ్చటను పేరు ఒక్కటియై చిక్కు తెచ్చినది. 1158 నుండి 1195 వరకు ఏలిన కాకతి రుద్రదేవుని మొదటి ప్రతాపరుద్రుడందురు. 1289 నుండి 1323 వరకు ఏలి, ఢిల్లీ సేనలకు చిక్కినవాడు రెండవ ప్రతాపరుద్రుడు. బండారు తమ్మయ్యగారు సోమనాథుని మొదటివాని కాలమునకు చేర్చిరి. చిలుకూరి నారాయణరావుగారు రెండవవాని కాలమునకు చేర్చిరి. ఒక్క పేరు వలన కవి జీవితము నూరేండ్లు ముందునకును వెనుకకును ఊగినది. ఇందులూరి అన్నయ రుద్రమదేవికి అల్లుడు గనుక పిడపర్తివారి కథ నిజమైనచో రెండవ ప్రతాపరుద్రుడే తగును. మరియొక గట్టి ఆధారము కన్నడమున గలదు. భీమకవి 1369లో బసవపురాణమును కన్నడ షట్పదిగ రచించెను. సోమనాథుని ద్విపద అంతకు మున్నే పొరుగుదేశమున ప్రసిద్ధికెక్కియుండవలెను గదా. కావున ఆయనను 13వ శతాబ్దివానిగ పెక్కుమంది అంగీకరించుచున్నారు.

పండితారాధ్య చరిత్ర సోమనాథుని రెండవ మహాకావ్యము. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములని అయిదు భాగములు. కృతిపతి పాల్కురికి సూరనామాత్యుడు. అనగా కవికిని కృతిపతికిని ఊరిపేరు ఒక్కటియే. బసవన్నను చూడవలెనని బయలుదేరిన మల్లికార్జున పండితుడు దారిలోనే ఆయన లింగైక్య వార్త విని విలపించిన ఘట్టమును చదివి కంటతడిపెట్టని భక్తు డుండడు. పర్వత ప్రకరణమున శ్రీశైల శివరాత్రి యాత్ర కన్నులకు కట్టును. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు అని ఆనాటి జనుల పాటల పేళ్ళను సోమనాథుడే మనకు మిగిల్చెను. ఆ పాటలు నశించినను పేళ్ళు దక్కినవి. ఈ గ్రంథములు తాళపత్రములనుండి బయటపడి జనులకు అందుటకు వేటూరి ప్రభాకరశాస్త్రి, చిలుకూరి నారాయణరావు వంటి పండితుల శ్రమ కారణము. శాస్త్రిగారి బసవపురాణ ముద్రణము 1926 నాటిది. వెల్చేరు నారాయణరావుగారును, జీన్ రోఘేరును చేసిన ఆంగ్లానువాదము 1990లో అమెరికాలో ప్రకటితమైనది.

సోమనాథులు పెక్కుమంది యగుటచే ఒకరి కృతి మరియొకరికి అంటుకొనుటయు గలదు. కన్నడ సోమేశ్వర శతకమును కొందరు పాల్కురికి వానిదనగా, అది పులిగెరె సోమనాథునిదని మరికొంద రందురు. ఇరువురి ఊరిపేళ్ళును పకారముతోడనే మొదలగుట ఆ తారుమారునకు తోడైనది కాబోలు. పిడపర్తి సోమనాథుడు పాల్కురికివాని ద్విపదనే పద్యకావ్యముగ మార్చినవాడు. ఉత్తర హరివంశమును రచించిన నాచన సోముడు వేరు. పాలకుర్తికి కూతవేటు దూరమందలి బమ్మెరలో పుట్టిన పోతన వీరభద్రవిజయమును ఇవటూరి సోమనారాధ్యుని ప్రేరణచే రచించెను. అతడు మరియొక సోమన. ఆ పోతనకును ఊరి తగవు తప్పలేదు. ఏకశిలానగరమనగా ఓరుగల్లని యొకరు, కడప సీమలోని ఒంటిమిట్ట యని యొకరు. పొరుగు పల్లెలకు చెందిన ఇద్దరు మహాకవులు ఒక్క తీరుననే రెండేసి ఊళ్ళ నడుమ చిక్కుకొనిరి.

ఇక హాల్కురికె మాట. సోమనాథుడు కన్నడమునను రగడలు మొదలగునవి రచించెను. దానిని బట్టి ఆయన కన్నడిగుడని కొంద రనిరి. బసవన్న వచనములు కన్నడములో వెలువడినవి. ఆ వచనములను నిత్యము పారాయణ సేయు భక్తునకు కన్నడము గురుభాష. కన్నడము వచ్చుట కన్నడదేశమున పుట్టుటకు రుజువు గాజాలదు. కావ్యములు రెండును తెలుగులో పుట్టినవి. కృతిపతులు తెలుగువారు. కవిని గూర్చి కథలు చెప్పిన పిడపర్తివారు తెలుగువారు. ఆ కథలలోని రాజధాని ఓరుగల్లు. ఓరుగంటికి నడచిపోదగిన దూరమున సోమేశ్వరుని కొండయు, పాల్కురికి యను నూరును నేటికిని ఉండగా, దూరపు పాల్కురికిని వెదుకనేల?

అయినను కన్నడదేశమునకు ఆయనపై హక్కు లేదనుట అన్యాయము. భీమకవి మొదలు అచ్చటి శివకవులు ఆయనను తమవానిగనే కొలిచిరి. 16వ శతాబ్దిలో తోంటదార్యుడు పాల్కురికె సోమేశ్వర పురాణమని ఆయన జీవితమును ఒక పురాణముగనే కన్నడమున రచించెను. తెలుగున అట్టి గ్రంథ మాయనకు ప్రాచీనకాలమున రాలేదు. జీవితపు కడపటి దినములలో సోమనాథుడు కన్నడసీమకు తరలిపోయి, బెంగుళూరునకు పశ్చిమమున మాగడి చెంతగల కల్య గ్రామమున లింగైక్యమందెనని వీరశైవ సంప్రదాయము. ఆ ఊర ఆయన సమాధిని చూపుదురు. పాలకుర్తి కొండ దిగి శివభక్తిని తెలుగున పాడినవాడు, బసవన్న మాటలాడిన భాష వినవచ్చు నేలలో విశ్రమించెను. కల్యలోని సమాధిని దర్శించు కన్నడ భక్తులు ఆయనను నేటికిని పాల్కురికె సోమనాథుడనియే పిలుతురు. హాల్కురికె యని పిలువరు.