లెన్సు అంచున ఉన్న పేరు

బహ్రెయిన్‌లో స్థిరపడిన మన కుటుంబాలలో ఏ బీరువా పై అరలోనో తోలు సంచిలో ఒక పాత కెమెరా ఉండే ఉంటుంది. తాతగారో నాన్నగారో ముచ్చటపడి కొనుక్కున్నది. దాని లెన్సు అంచున గుండ్రంగా చెక్కిన సన్నని అక్షరాలలో కార్ల్ జైస్ అని ఉంటే, ఆ పేరుగల మనిషి బతికుండగా ఆయన కొట్టు నుంచి ఒక్క కెమెరా లెన్సూ అమ్మకానికి రాలేదంటే మీరు నమ్మరు. మేమూ మొదట నమ్మలేదు.

జైస్ 1816 సెప్టెంబరు 11న జర్మనీలోని వైమార్‌లో పుట్టాడు. తండ్రి తరిమెన పట్టే పనివాడు. జైస్ యేనా పట్టణంలో కోర్నర్ అనే యంత్రకారుడి వద్ద పని నేర్చి, 1846లో అక్కడే చిన్న కొట్టు తెరిచాడు. సూక్ష్మదర్శినులు ఆయన సరుకు. పనివాళ్లు చేసినదాంట్లో లోపం కనబడితే దాగలి మీద పెట్టి తానే సుత్తితో పగలగొట్టేవాడని చెప్పుకుంటారు.

ఆ రోజులలో గాజును అరగదీయడం, బిగించి చూడడం, కుదరకపోతే మళ్లీ అరగదీయడం, ఇదే పద్ధతి. ఇది జైస్‌కు నచ్చలేదు. 1866లో యేనా విశ్వవిద్యాలయంలోని యువ అధ్యాపకుడు ఎర్న్‌స్ట్ అబేను పిలిచి, లెక్క కట్టి కటకాలు చేసే దారి చూడమన్నాడు. అప్పటికి జైస్‌కు యాభై ఏళ్లు, అబేకు ఇరవై ఆరు. తనకు రాని విద్య కొడుకు ఈడువాడి దగ్గర ఉందని ఒప్పుకోవడమే ఆయన చేసిన పెద్ద పని అని మా అభిప్రాయం. ఏళ్ల తరబడి డబ్బు పోసి ఓపికపట్టాడు. 1872 నాటికి లెక్క ఫలించింది. 1884లో ఒట్టో షాట్ అనే గాజు నిపుణుడూ వీరితో కలిశాడు. 1888 డిసెంబరు 3న జైస్ కన్నుమూశాడు.

కెమెరా లెన్సులు 1890లో గాని మొదలు కాలేదు. పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెస్సార్ 1902లో వచ్చింది. ఈలోగా 1891లో అబే తన వాటాతోపాటు జైస్ కుమారుడి వాటాను కూడా ఒక ధర్మసంస్థ పరం చేయించాడు. పేరు మిగిలింది, ఆస్తి మాత్రం వంశానికి దక్కలేదు.

యుద్ధం ముగిసిన 1945లో అమెరికా సేన యేనా నిపుణులను పడమటికి తరలించింది. మరుసటి ఏడు సోవియట్‌వారు అక్కడి యంత్రాలను తరలించారు. ఒక్క జైస్ రెండయింది. విడిపోయిన అన్నదమ్ములు ఇంటిపేరు కోసం కోర్టుకెక్కినట్టు, దేశదేశాల్లో వ్యాజ్యాలు నడిచి 1971లో రాజీ కుదిరింది. ఈ తగాదాల గుర్తులే లెన్సుల మీద మిగిలాయి. తూర్పువారి సరుకు మీద కార్ల్ జైస్ యేనా అని ఉంటుంది. ఆ పేరు చెల్లని దేశాలకు పంపినదాని మీద 'అవుస్ యేనా', అంటే యేనా నుంచి అని మాత్రమే ఉంటుంది. అక్కడ టెస్సార్ అనే మాట కూడా పోయి వట్టి 'టి' మిగిలింది. ఎర్ర రంగు 'టి' వేరు సుమా, అది గాజు మీది పూతకు గుర్తు. పడమటివారు మొదట్లో 'జైస్ ఆప్టన్' అని వేశారు. 1991లో గాని రెండు ఇళ్లూ మళ్లీ ఒకటి కాలేదు.

ఈ పండుగకు ఆ కెమెరాను కిందికి దించితే, మెత్తని గుడ్డతో అంచు తుడిచి దీపం కింద చదవండి. పేరు పక్కన ఒక అంకె కూడా ఉంటుంది. ఆ లెన్సు ఇంచుమించు ఏ ఏట తయారైందో దాన్నిబట్టి తెలుస్తుంది.